మేస్త్రి కోడలు బిగించిన లైటు

పంపు గదిలోని మెయిన్ బోర్డులో ఈత కొలను లైటు బ్రేకరును కిందికి దించి, దానికో చిన్న తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకున్నాక గాని కోడలు నీళ్ళ వైపు చూడలేదు. అప్పుడైనా నేరుగా వెళ్ళిందా అంటే, అదీ లేదు. టెస్టరు తీసి ముందు పక్కనున్న పంపు తీగ మీద పెట్టి అది వెలుగుతోందని చూసుకుంది. తర్వాత ఆపిన లైటు తీగ మీద పెడితే వెలగలేదు. మళ్ళీ పంపు తీగ మీద పెట్టి, ఈ మధ్యలో టెస్టరే చచ్చిపోలేదు కదా అని తేల్చుకుంది.

"ఒక్క లైటుకి ఇంత తతంగమా?" అన్నాడు క్లబ్బు మేనేజరు, గుమ్మంలో నిలబడి చేతిలోని ఫోను తిప్పుతూ.

"నీళ్ళలో లైటు కదా సార్" అంది కోడలు.

తతంగమంతా మామగారు నేర్పిందే. ఆయన్ని తెలిసినవాళ్ళందరూ అనుమానం మేస్త్రి అంటారు. ముఖం మీదే అంటారు, ఆయనేమీ నొచ్చుకోడు. పాలు కాచి ఇస్తే వాసన చూడకుండా తాగడు. పెళ్ళాం గడియ పెట్టిన తలుపును లాగి చూడకుండా మంచం ఎక్కడు. ఆయన చేతి కింద ఇన్నేళ్ళలో ఏ పనివాడికీ షాకు కొట్టలేదంటే ఆ అనుమానం వల్లనేనని వాళ్ళ వీధిలో ఒప్పుకోని వాళ్ళు లేరు. నిరుడు కంటికి ఆపరేషనయ్యాక ఎండలో పనికి వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొడుకేమో లిఫ్టుల కంపెనీలో చేరి వారానికోసారి ఇంటికొస్తాడు. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్టు ఉన్న కోడలు పని సంచి భుజాన వేసుకుంది. క్లబ్బుతో ఒప్పందం మాత్రం ఇంకా మేస్త్రి పేరు మీదే ఉంది. ఆ పేరు పక్కన తన పేరు కూడా ఎక్కించమని అడగాలని ఆమె ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. ఈ లైటు సరిగ్గా వెలిగితే అడుగుదామనుకుంది.

కొలను గట్టు మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి నీళ్ళలోకి దించి, గోడలోని గూటికి లైటును పట్టి ఉంచే స్క్రూను వేళ్ళతో వెతికింది. నీళ్ళలోకి జారిపోకుండా వలక్క ఆమె పిక్కల మీద కూర్చుంది. కొలను శుభ్రం చేసే ఆ మనిషికి పొడుగాటి కర్రకు కట్టిన వల చేతిలో లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది, అందుకే ఆ పేరు. పంపు గది వెనకున్న ఒంటి గదిలో కూతురితో ఉంటుంది.

"బరువుగా ఉన్నానా చెల్లీ?"

"నువ్వు బరువుంటేనే నేను మునగను. కదలకు."

లైటు ఊడి వచ్చింది. వెనక గూట్లో చుట్టి ఉన్న తీగ దాని వెంట సాగింది. గట్టు మీదికి తెచ్చి గోనెపట్టా మీద పెట్టి చూస్తే అద్దం లోపల మురికి నీళ్ళు ఊగుతున్నాయి. సాయంత్రం లైటు వేసిన ప్రతిసారీ ట్రిప్పరు ఎందుకు పడుతోందో తెలిసిపోయింది. కరెంటు రవ్వంత నీళ్ళలోకి కారినా కన్ను మూసి తెరిచేలోగా తనంతట తానే ఆగిపోయే స్విచ్చు అది. మనుషుల ప్రాణం దాని చేతిలో ఉంటుంది.

కోడలు నీళ్ళు పారబోసింది, గుడ్డతో తుడిచింది, ఎండలో పెట్టి ఆరనిచ్చింది. తీగ తొడుగులో లోపం లేదని, దాన్ని కొలిచే మెగ్గరు పెట్టి చూసుకుంది. కొత్త బల్బు వేసి, అద్దం చుట్టూ కొత్త రబ్బరు రింగు వేలితో సర్ది, స్క్రూలను ఒకదానికి ఎదురుగా ఒకటి చొప్పున కొంచెం కొంచెం బిగించింది. మొత్తాన్ని బకెట్టు నీళ్ళలో ముంచి, గాలి బుడగ ఒక్కటి కూడా రాలేదని చూసి, తీగను గడియారం ముల్లు తిరిగే వైపుగా చుట్టి, గూట్లో పెట్టి బిగించేసింది. లైటు వేస్తే కొలను అడుగున పరిచిన నీలం పలకలు ఒక్కొక్కటీ కనిపించాయి. ట్రిప్పరు పడలేదు.

"శనివారం పోటీలు" అన్నాడు మేనేజరు. "కమిటీ వాళ్ళంతా వస్తారు. ఈలోగా మళ్ళీ ఆరిందంటే ఊరుకోరు. ఆడపిల్లను పంపితే ఇంతేనని ఒకరిద్దరు ఇప్పటికే అంటున్నారు. నేను అనట్లేదమ్మా, వాళ్ళు."

ఆయన వెళ్ళాక వలక్క మూతి తిప్పింది. "నీ లైటు వెలిగిందంటే నాకు చీకటే. పొద్దుపోయిందాకా ఈ పెద్దమనుషులు నీళ్ళలోంచి లేవరు. నాకేమైనా ఎక్కువిస్తారా? ఇంకోసారి పాడైందంటే చెప్పు, నీకు టీ నేను పోయిస్తా."

ఇద్దరూ నవ్వుకున్నారు. మొక్కలకు నీళ్ళు పెడుతున్న వాచ్‌మన్ కూడా నవ్వాడు.

మర్నాడు సాయంత్రం కోడలి ఫోను మోగింది. లైటు వేశారట, కాసేపు వెలిగిందట, ట్రిప్పరు పడిందట.

తెల్లవారాక వెళ్ళి మళ్ళీ బ్రేకరు దించి, తాళం వేసి, టెస్టరుతో చూసుకుని గట్టు మీద పడుకుంది. లైటు పైకి వస్తుంటే తీగ చేతికి ఎదురు తిరిగింది. తాను ఎటు చుట్టిందో ఆమె చేతికి తెలుసు. ఆ లెక్కన సాగాల్సిన తీగ మెలిక పడి మొరాయించింది. గట్టు మీద పెట్టి చూస్తే అద్దం లోపల మళ్ళీ నీళ్ళు. స్క్రూల తలల మీద కొత్త గీతలున్నాయి, తన స్క్రూడ్రైవరు కన్నా వెడల్పాటి మొనతో తిప్పిన గీతలు.

ఆమె గుండె ఒక్కసారిగా తేలికైంది. తన పని కారలేదు. ఆ తేలిక నోటి వెంట వచ్చేసింది.

"దీన్ని ఎవరో విప్పారు సార్."

మేనేజరు వంగి చూశాడు. చూసినా ఆయనకు అర్థమయ్యేది ఏమీ లేదు గానీ, అనుమానించడానికి అర్థం కావాలని ఎక్కడుంది.

"పంపు గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

వలక్క నీళ్ళలో తేలుతున్న ఆకుల్ని వలతో లాగుతోంది. కర్ర ఆగింది.

"నా దగ్గరే సార్."

"లైటు చెడిపోతే టీ పోయిస్తానన్నావంట."

వాచ్‌మన్ మొక్కల వైపు చూడసాగాడు. వలక్క చూపు మేనేజరు మీద నుంచి కోడలి మీదికి వచ్చి అక్కడే నిలబడింది. నవ్వులాటకి అన్న మాట సార్ అది, నేనూ నవ్వాను అని కోడలు అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అదే సమయంలో ఆ మాట ఆమె తలలో ఇంకోలా తిరిగింది. నవ్వులాటకే అందా? తాళం ఆమె దగ్గరే ఉంది. పగలంతా ఇక్కడ ఆమె ఒక్కతే ఉంటుంది. లైటు విప్పేటప్పుడు పక్కన కూర్చుని ప్రతిదీ చూసింది, ఇదేంటి చెల్లీ, అదేంటి చెల్లీ అని అడిగింది కూడా. కోడలు తల వంచుకుని అద్దంలో నీళ్ళు పారబోసింది.

"ఈ వారం చివరికల్లా గది ఖాళీ చేసెయ్" అన్నాడు మేనేజరు. "తాళం ఇలా ఇవ్వు. ఇవాళ్టి నుంచి కొలను దగ్గరికి రావద్దు."

వలక్క ఏడవలేదు, బతిమాలలేదు. కర్రను గోడకు ఆనించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, తాళం ఇచ్చి వెళ్ళిపోయింది. కోడలు ఇంకో కొత్త రింగు వేసి, స్క్రూలు బిగించి, బకెట్లో ముంచి చూసి, తీగ చుట్టి పెట్టింది. ఈసారి కాళ్ళ మీద కూర్చునే మనిషి లేక, మోకాలిని గట్టు పక్కనున్న ఇనుప నిచ్చెనకు మెలేసి పని కానిచ్చింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర జరిగిందంతా చెప్పింది. అత్తగారు గరిటె గాల్లోనే ఆపేసి విన్నది.

"పిల్లను పెట్టుకుని ఎక్కడికి పోతుంది ఆవిడ?"

"ఏమో అత్తయ్యా."

మేస్త్రి తలెత్తలేదు. పళ్ళెంలో కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు. తర్వాత, "ఎవరో ఒకరు విప్పి ఉంటార్లే. మళ్ళీ కొత్తది వేసి బిగించావుగా. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. ఎక్కడ ఏ తీగ కాలినా ఎవడు చేశాడు, ఎందుకు చేశాడు, ఎప్పుడు చేశాడు అని ఊపిరాడనివ్వని మనిషి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కోడలికి అది వింతగానే తోచింది. పెద్దాయనకి ఓపిక తగ్గింది కాబోలు అనుకుంది.

"పొద్దున్నే నడక మొదలెట్టారు కదా, దాంతో అలిసిపోతున్నారు" అంది అత్తగారు ఎత్తిపొడుపుగా. "డాక్టరు ఏడాది నుంచి మొత్తుకుంటే వినని మనిషి. ఇప్పుడు కాకి కూడా లేవకముందే లేచిపోతున్నారు. ఏ డాక్టరమ్మ చెప్పిందో మరి."

మేస్త్రి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మర్నాడు సాయంత్రం లైటు మళ్ళీ ఆరింది.

కోడలు వెళ్ళేసరికి మేనేజరు పంపు గది ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. "మారు తాళం చేయించుకుని ఉంటుంది. నేను ముందే అనుకున్నా. ఇవాళే పంపించేస్తాను."

"ఆమె కాకపోతే?"

"ఆమె కాకపోతే ఎవరమ్మా? నువ్వా?"

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, అడిగి చూద్దామన్న ఉద్దేశం ఆ నవ్వులో లేకపోలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక పని చెయ్. ఆ ట్రిప్పరు తీసేసి డైరెక్టుగా కలిపెయ్. పోటీలయ్యాక తీరుబడిగా చూసుకోవచ్చు" అన్నాడు.

"డైరెక్టు ఇస్తే లైటు ఆరదు సార్. నీళ్ళలో ఉన్నవాళ్ళు ఆరిపోతారు."

"ఇంతకుముందు వచ్చినవాళ్ళు ఇచ్చారు."

"అయితే వాళ్ళనే పిలవండి."

అనేశాక ఆమెకే భయమేసింది. మేనేజరు ఫోను చూసుకుంటూ పక్కకి వెళ్ళాడు. వెలుతురు ఉండగానే లైటు తీద్దామని గట్టు మీద పడుకుంది. ఈసారి కావాలనే నెమ్మదిగా లాగింది. తీగ మళ్ళీ ఎదురు చుట్టు. ఎవరు చుట్టినా ఎంతో నేర్పుగా చుట్టారు. ఒక వరసపై ఇంకో వరస ఎక్కకుండా, చివర కొసను లోపలికి దోపి పెట్టారు. వల కర్రకు ముడి వెయ్యడమే రాక, ప్లాస్టిక్ సంచి ముక్కతో కట్టుకునే వలక్క ఈ చుట్ట చుట్టిందంటే నమ్మడం కష్టం. ఆ మాట మేనేజరుకు చెబితే ఏమంటాడో తెలిసి ఊరుకుంది. లైటు విప్పి, ఆరబెట్టడానికి పంపు గదిలో పెట్టి, బ్రేకరు తాళం అలాగే ఉంచి, రేపు పొద్దున్నే బిగిస్తానని చెప్పి ఇంటికి బయలుదేరింది. పంపు గది వెనక కిటికీలోంచి చూస్తే వలక్క గిన్నెలు పాత చీరలో మూట కడుతోంది. పలకరించే ధైర్యం లేక చప్పుడు కాకుండా దాటిపోయింది.

ఇంట్లో మేస్త్రి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆయన బట్టలు ఆయనే ఇస్త్రీ చేసుకుంటాడు, ఆ విషయంలోనూ ఎవర్నీ నమ్మడు. కోడలు గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఊరికే అటు చూసింది. ఆయన పెట్టె ప్లగ్గు పీకి, అది చల్లారాక తీగను ఎడమ చేత్తో చుట్టడం మొదలుపెట్టాడు. ఆయనది ఎడమచేతి వాటం. ఒక వరసపై ఇంకో వరస ఎక్కలేదు. గడియారం ముల్లుకు ఎదురుగా చుట్టి, చివర కొసను లోపలికి దోపాడు.

కోడలు ఒక చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వంటింట్లోకి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, అత్తగారి పక్కన నిలబడి మామూలుగా అడిగింది. "మామయ్య పొద్దున నడకకి ఎటు వెళ్తారు అత్తయ్యా?"

"ఎటు వెళ్తారో ఏం చూస్తారో నాకేం తెలుసు. నాకు తెలిసింది ఒక్కటే. నడకకి వెళ్ళే మనిషికి జేబులో స్క్రూడ్రైవరు ఎందుకు? అడిగితే కుక్కలు ఉంటాయంటారు."

కోడలికి నవ్వు రావాలి. ఒళ్ళంతా మంటెత్తింది.

పెరట్లో మేస్త్రి బట్టలు ఆరేసే తీగను లాగి, అది బిగువుగా ఉందో లేదో చూస్తున్నాడు. కోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, ఆ లైటు రెండుసార్లూ విప్పింది మీరే కదా."

ఆయన తీగను వదల్లేదు. కాదని అంటాడేమోనని ఆమె చూసింది. మనిషికి అనుమానాలెక్కువే గానీ అబద్ధాలు అలవాటు లేవు.

"చూశాను. చూస్తే తప్పేముంది? పంపు గది పాత తాళం నా దగ్గరే ఉంది. ఎప్పుడూ వచ్చే మేస్త్రే కదా అని వాచ్‌మన్ పక్కకి తప్పుకున్నాడు. కరెంటు ఆపే విప్పాను."

"ఏం కనబడింది?"

"ఏం లేదు. బాగానే బిగించావు. రెండుసార్లూ బాగానే ఉంది."

"మళ్ళీ బిగించేటప్పుడు ఏ రింగు వేశారు?"

"ఉన్నదే వేశా. నిన్నగాక మొన్న వేసిన కొత్తదే కదా."

"ఒకసారి నలిగిన రింగు రెండోసారి కూర్చోదు మామయ్యా. విప్పితే మార్చాల్సిందే. మీ రోజుల్లో రబ్బరు మందంగా ఉండేది, ఎన్నిసార్లు విప్పినా ఓర్చుకునేది. ఇప్పుడొచ్చేవి పల్చటివి. మీరు విప్పి చూడబట్టే లోపలికి నీళ్ళు పోయాయి. చూడకపోతే పోయేవి కావు."

మేస్త్రి మెల్లగా తీగను వదిలాడు. అది పైకి ఎగిరి కాసేపు ఊగింది. ఆయన ముఖంలో రంగు మారింది. తన చేత్తో ఒక పని పాడైందని విని చాలా ఏళ్ళయి ఉంటుంది.

"సరే, తెలీక చేశారు" అంది కోడలు. "వలక్కను వెళ్ళిపొమ్మన్నారని నేను అన్నం దగ్గర చెప్పాను. అప్పుడు విప్పింది మీరని మీకు తెలుసు. ఆవిడ కాదని మీకు తెలుసు. అప్పుడైనా నోరు తెరవచ్చు కదా."

"తెరిస్తే ఏమయ్యేది? విప్పింది నేనే, నేనేమీ పాడుచెయ్యలేదు అనేవాణ్ణి. అప్పుడు కారింది ఎవరి పని? నీ పని. కమిటీ వాళ్ళు కాచుకుని ఉన్నది దాని కోసమే. రేపటి నుంచి నీ మొహం చూడరు. మన ఇంటి పిల్లవి, నీ మీదికి రాకూడదనే ఊరుకున్నా."

"అంటే కారింది నా పనేనని మీరు అనుకున్నారు."

ఆయన ఊగుతున్న తీగను చేత్తో పట్టి ఆపాడు.

"విప్పి చూశారు, బాగుందన్నారు. అయినా నాదే అనుకున్నారు. నన్ను కాచారా మామయ్యా, నమ్మలేదా?"

అత్తగారు పెరటి గుమ్మంలోకి ఎప్పుడొచ్చిందో వచ్చింది. "నన్నే నమ్మరు. ఇన్నేళ్ళ కాపురంలో నేను వేసిన గడియ ఒక్కరోజు అలా వదిలేశారా? నవ్వుకుని ఊరుకున్నాం కాబట్టి ఇక్కడిదాకా వచ్చింది. నాదంటే గడియ. ఆవిడది కూడు."

మేస్త్రి అక్కడున్న బట్టలు ఉతికే రాయి మీద కూర్చున్నాడు. కోడలికి ఇంకా అనాలనే ఉంది. అనబోయి ఆగిపోయింది. వలక్క తన వైపు చూస్తూ నిలబడినప్పుడు తానేం చేసిందో గుర్తొచ్చింది. తెలిసి ఊరుకున్న ఈయనకీ, తెలియక అనుమానించి ఊరుకున్న తనకీ పెద్ద తేడా ఏముందో ఆమెకు తోచలేదు.

"పొద్దున్నే వెళ్దాం" అన్నాడాయన. "నేనే చెబుతాను."

చెప్పాడు. మేనేజరు కుర్చీలో కూర్చోకముందే, నిలబడి ఉండగానే చెప్పేశాడు. లైటు విప్పింది నేను, పాత రింగే వేసి బిగించింది నేను, లోపలికి నీళ్ళు పోవడానికి కారణం నేను, ఆ మనిషికీ దీనికీ సంబంధం లేదు అని. మేనేజరు కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మామా కోడలూ కూడబలుక్కుని వచ్చారేమోనని ఆయన అనుమానం.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటారు మేస్త్రీ? పోటీలు రేపే. ఆవిడ మూటాముల్లె సర్దేసింది. దొంగపని చేసింది, తీసేశానని కమిటీకి చెప్పేశాను. ఇప్పుడు కాదు, మేస్త్రే చేశాడని అంటే మీ ఒప్పందం పోతుంది, నా మాటా పోతుంది. ఎవరికి లాభం? చప్పుడు చెయ్యకుండా లైటు బిగించండి. ఆవిడకి ఇంకెక్కడైనా పని దొరక్కపోదు."

మేస్త్రి కోడలి వైపు చూశాడు. ఒప్పందం పోతే ఆమె పేరు ఎక్కడానికి చోటే ఉండదు. ఆ సంగతి ఆమెకూ అదే క్షణంలో తట్టింది. అయినా మేనేజరు వైపు తిరిగింది.

"ఆవిడ పనిలోకి రాకపోతే నేను బిగించను సార్. కమిటీకి మేమే చెప్పుకుంటాం. ఒప్పందం ఉంచుతారో తీసేస్తారో వాళ్ళిష్టం."

"మా కోడలు చెప్పిందే నా మాట" అన్నాడు మేస్త్రి.

ఒక్క రోజులో ఇంకో ఎలక్ట్రీషియన్ను ఎక్కణ్ణుంచి తేవాలో మేనేజరుకు పాలుపోలేదు. విసుగ్గా వాచ్‌మన్‌ను కేకేసి వలక్కను పిలవమన్నాడు.

వలక్క వచ్చింది గానీ దగ్గరికి రాలేదు. కొలనుకు అవతలి గట్టు మీద నిలబడింది. మేస్త్రి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆమె వింది. వింటున్నంతసేపూ కోడలి వైపే చూసింది.

"నేను కాదని నువ్వెందుకు అనలేదు?"

మధ్యలో నీళ్ళున్నాయి కాబట్టి కాస్త గట్టిగానే అడిగింది. అందరికీ వినబడింది.

"నువ్వేనేమో అనుకున్నా అక్కా" అంది కోడలు. "నిన్ను అనుమానించా."

అబద్ధం చెబుతుందనుకుందో ఏమో, వలక్క ఆ జవాబు విని పక్కకి తిరిగి ముక్కు చీదుకుంది.

కోడలు పనిలో పడింది. టెస్టరు వెలగడం, వెలగకపోవడం, మళ్ళీ వెలగడం చూసుకుంది. పొడిగా ఆరిన లైటుకు కొత్త రింగు వేసి, వేలితో చుట్టూ తడిమి, ఎదురెదురుగా స్క్రూలు బిగించింది. బకెట్లో ముంచింది. బుడగ రాలేదు. మెగ్గరు పెట్టి చూసింది. ఇంతసేపూ మేస్త్రి చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఆమె గూట్లోకి లైటు దించుతున్నప్పుడు ఒకసారి ఆయన భుజం ముందుకు కదిలి వెనక్కి వెళ్ళింది. తాళం తీసి, బ్రేకరు ఎత్తి, ట్రిప్పరు మీటను నొక్కి అది పడుతోందని తేల్చుకుని, మళ్ళీ ఎత్తింది. లైటు వెలిగింది. మీటరు తీగను ఒకదాన్ని నీళ్ళలో, ఇంకోదాన్ని ఇనుప నిచ్చెన మీద పెట్టింది. ముల్లు సున్నా దగ్గర్నుంచి కదల్లేదు. చాలాసేపు చూశారు. లైటు ఆరలేదు.

"బాగుంది" అన్నాడు మేనేజరు, ఒక పీడ వదిలినట్టు. అవతలి గట్టు వైపు తిరిగి, "సరే, నువ్వూ పనిలో దిగు. నువ్వు లేని ఈ రెండు రోజుల్లో గోడలకి నాచు పట్టింది. మెట్ల దగ్గర్నుంచి బ్రష్షు కొట్టుకుంటూ రా" అన్నాడు.

వలక్క కదల్లేదు.

"నేను దిగను సార్."

"ఎందుకు? మీటరు చూశావు కదా."

"నాకు మీటరు చదవడం రాదు. వీళ్ళు చదివి చెప్పిందే నేను నమ్మాలి. మొన్న ఎవరో విప్పారని చదివి చెప్పారు, మీరు నమ్మారు, నా గది పోయింది. ముందు వాళ్ళు దిగాలి. తర్వాత నేను దిగుతా."

మేనేజరు కోపంగా ఏదో అనబోయాడు. కోడలు అప్పటికే ప్యాంటు కాళ్ళు మడుస్తోంది. అడిగినదాంట్లో అన్యాయమేమీ కనబడలేదు ఆమెకి. ఈలోగా మేస్త్రి లేచాడు. చేతి గడియారం విప్పి గట్టు మీద పెట్టాడు.

"ఉండమ్మా. విప్పింది నేను. నేను దిగుతా."

"మీకు ఈత రాదు మామయ్యా."

"నిలబడేంత లోతేగా."

ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పాదం ఇంకా నీళ్ళకు తగల్లేదు. అప్పుడొచ్చింది కోడలికి భయం. ఇందాక తాను దిగాలనుకున్నప్పుడు లేనిది, ఆయన కాలు చూడగానే ఒళ్ళంతా పాకింది. ఆఖరి స్క్రూ పూర్తిగా బిగిసిందా? రింగు ఒక పక్క మడత పడలేదు కదా? మీటరు బ్యాటరీ సరిగ్గానే ఉందా? అన్నీ చూసింది. చూసిన సంగతి కూడా గుర్తుంది. అయినా నమ్మకం కుదరలేదు.

"మామయ్యా, ఆగండి" అంది. "కరెంటు ఆపేసి ఒక్కసారి విప్పి చూస్తాను."

మేస్త్రి వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఏముందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఎందుకు? బిగించావు కదా" అన్నాడు.

అని దిగాడు. పాదం మునిగింది, మోకాలు మునిగింది, ఇస్త్రీ చేసుకున్న చొక్కా నీళ్ళ మీద ఉబ్బి తర్వాత ఒంటికి అతుక్కుంది. రెండు చేతులతో గట్టు పట్టుకుని నడుము లోతులో నిలబడి, చలికి ఒక్కసారి వణికి, వలక్క వైపు చూశాడు.

"ఇంకా లోపలికి" అంది వలక్క. "లైటు దాకా."

"చాల్లే ఇక" అన్నాడు మేనేజరు. ఎవరూ వినిపించుకోలేదు. మేస్త్రి గట్టు పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వెళ్ళాడు. నీళ్ళు ఛాతీ దాటాయి. లైటున్న చోట ఆగి, ఎడమ చెయ్యి కిందికి దించి అరచేతిని అద్దం మీద పెట్టి అలాగే ఉంచాడు. కోడలు బోర్డు దగ్గరికి వెళ్ళి ట్రిప్పరునే చూస్తూ నిలబడింది. ట్రిప్పరు పడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

వలక్క ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత గోడకు ఆనించి ఉన్న పొడుగు కర్ర బ్రష్షు తీసుకుంది. కొంగు నడుముకు దోపుకుని అవతలి మెట్ల మీద నుంచి నీళ్ళలోకి దిగింది. గోడ మీద నాచు ఎక్కడిదాకా ఉందో ఒకసారి కంటితో కొలిచింది.

"మేస్త్రిగారూ, మీరు అక్కడే ఉండండి" అంది. "నా పనయ్యేదాకా చెయ్యి తియ్యొద్దు."

"అలాగేనమ్మా" అన్నాడు మేస్త్రి. ఆమె ఆ పొడుగు గోడంతా తోముకుంటూ వచ్చేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.